కాటా ఒక మాట, టేపు ఇంకో మాట: నలభై దాటాక బరువు లెక్కలు

పోయిన దసరాకు ప్యాంటు కుట్టించుకుందామని అనంతపురం పాతూరులో మా టైలర్ దగ్గరికి వెళ్లాను. ఆయన పాత నోటుబుక్కు తీసి, నా పేరున్న పేజీ తిప్పి, "నడుము 34. అదే ఉంచల్లనా సార్?" అన్నాడు. అయిదేళ్ల కిందటి కొలత అది. మారలేదంటే లోపల కొంచెం గర్వంగానే అనిపించింది. ఆయన మాత్రం టేపు కింద పెట్టకుండా నా వైపు ఒకసారి చూసి, "ప్యాంటుకు 34 సరిపోతాది సార్, మీరు పొట్ట కింద కట్టుకుంటారు కదా" అని, టేపును బొడ్డు మీదుగా చుట్టి చూపించాడు. 37.

వచ్చేదారిలో మెడికల్ షాపు ముందున్న కాటా ఎక్కితే 72 కిలోలు. నా ఎత్తు 170 సెంటీమీటర్లు, వయసు 46. ఈ నాలుగు అంకెలు పట్టుకుని ఎవరినడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. "నీకేం, సన్నగానే ఉండావు" అని మా పెద్దన్న, "షుగర్ టెస్టు చేయించుకున్నావా?" అని డాక్టరైన మా బావమరిది, "ఇప్పుడు సూదులొచ్చినాయంట కదా" అని ఆఫీసులో పక్క సీటాయన. బరువు తగ్గించే ఆ సూదుల వల్లే ఈ చర్చ ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ నడుస్తోంది. నాకర్థమైనంతలో గందరగోళమంతా ఒక్కచోటే ఉంది. బరువు తగ్గడం, ఫిట్‌గా అవడం రెండు వేరువేరు పనులు. మనం రెండింటినీ ఒకే కాటా మీద పెట్టి తూస్తున్నాం.

కాటా మీద నిలబడింది ఎవరు?

మన బరువంటే ఎముకలు, కండ, కొవ్వు, నీళ్లు, పొద్దున తిన్న ఉగ్గాని, అన్నీ కలిసిన మొత్తం. ఇందులో ఏది పెరిగిందో ఏది తగ్గిందో కాటాకు తెలియదు.

దీనికి మంచి ఉదాహరణ, అన్నం మానేసిన మొదటి వారం. మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలోనూ కండల్లోనూ నిల్వ ఉంటుంది. మామూలు మనిషిలో ఇది 400 గ్రాములకు అటూ ఇటూ. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు 3 గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. అన్నం, రొట్టె మానేస్తే ఈ నిల్వ ఖాళీ అవుతుంది. 400 గ్రాములు పోతే దాంతో 1,200 గ్రాముల నీళ్లూ పోతాయి, వెరసి కిలోన్నర పైనే. వారంలో రెండు కిలోలు తగ్గానని వాట్సాప్‌లో ఫొటో పెట్టేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు, కాటా నిజంగానే తగ్గింది, కాకపోతే అందులో కొవ్వు వాటా కొంచెమే. పెళ్లిలో రెండు పూటలు ఓళిగలు తింటే ఆ నీళ్లు తిరిగొస్తాయి.

దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. ముప్పై దాటాక, ఏ వ్యాయామమూ లేకపోతే, పదేళ్లకు 3 నుంచి 8 శాతం కండ కరిగిపోతుందని వైద్యశాస్త్రం సాధారణంగా చెప్పే లెక్క. ఒక మనిషికి ముప్పై ఏళ్లప్పుడు 30 కిలోల కండ ఉందనుకుందాం. పదేళ్లకు 5 శాతం చొప్పున పోతే యాభై ఏళ్లకు దాదాపు 3 కిలోలు తగ్గుతుంది. ఆయన బరువు మాత్రం అప్పుడూ 72, ఇప్పుడూ 72. అంటే ఆ మూడు కిలోల చోటులోకి వచ్చి కూర్చున్నది ఎక్కువ భాగం కొవ్వే. "పెళ్లప్పుడు ఎంత ఉన్నానో ఇప్పుడూ అంతే" అని చెప్పుకునేవాళ్లలో చాలామంది కథ ఇదే.

ఒకే మనిషికి మూడు కొలతలు, మూడు తీర్పులు

మొదటి కొలత బీఎంఐ. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. నా లెక్క: 72ను 1.7తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 1.7తో భాగిస్తే 24.9. ప్రపంచవ్యాప్తంగా వాడే హద్దు 25 కాబట్టి నేను పాస్, అదీ అంచు మీద. కానీ మనవాళ్లకు వాడే హద్దు వేరు. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. ఆ లెక్కన నేను ఫెయిల్.

ఈ తేడా ఎందుకో చెప్పడానికి డాక్టర్లు తరచూ చూపించే ఒక ఫొటో ఉంది. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అనే ఇద్దరు వైద్య పరిశోధకులు పక్కపక్కన నిలబడి తీయించుకుని, 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేయించారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బయటికి సన్నం, లోపల కొవ్వు. చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మామయ్య ప్రతి ఇంట్లోనూ ఉంటాడు, ఆయన్ని తలుచుకుంటే చాలు.

అందుకే రెండో కొలత, నడుము చుట్టుకొలత. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. ఇక్కడే టైలర్ టేపుకూ డాక్టర్ టేపుకూ తేడా వస్తుంది. ప్యాంటు కొలత పొట్ట కింద, తుంటి మీద తీస్తారు. డాక్టర్ కొలత చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక. ప్యాంటు 34 అంగుళాలంటే 86 సెంటీమీటర్లు, అంటే నేను హద్దులోపల. పొట్ట మీద 37 అంగుళాలంటే 94 సెంటీమీటర్లు, అంటే బయట.

మూడోది మరీ తేలిక. నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదు. 170లో సగం 85. నాది 94. దారం ముక్కతో కూడా చూసుకోవచ్చు, ఎత్తుకు సరిపడా దారం తీసుకుని సగానికి మడిచి నడుముకు చుడితే అందాలి. నాకు అందలేదు.

పొట్ట మీదే ఇంత దృష్టి ఎందుకంటే, చర్మం కింద ఉండే కొవ్వుకన్నా పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకునే కొవ్వు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. షుగర్, బీపీ, గుండెజబ్బు, ఫ్యాటీ లివర్ అన్నింటికీ దానితో చుట్టరికం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన, 2023లో వచ్చిన ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే, షుగర్ అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. పెద్దవాళ్లలో బీఎంఐ ప్రకారం స్థూలకాయులు 28.6 శాతమైతే, పొట్ట ప్రకారం 39.5 శాతం. అంటే కాటాకు దొరక్కుండా టేపుకు మాత్రమే దొరికేవాళ్లు బోలెడుమంది ఉన్నారన్నమాట, నాతో సహా.

నలభై దాటితే మెటబాలిజం నిజంగా పడిపోతుందా?

అందరూ చెప్పే కారణం ఇదే. మెటబాలిజం అంటే, తేలిక మాటల్లో, ఊపిరి తీయడం నుంచి మూటలు మోయడం దాకా ఒళ్లు రోజుకు ఖర్చుపెట్టే మొత్తం శక్తి. వయసుతో ఇది ఎలా మారుతుందో 29 దేశాల్లో, ఎనిమిది రోజుల పసిపాప నుంచి 95 ఏళ్ల ముసలివాళ్ల దాకా 6,400 మందికి పైగా మనుషుల కొలతలు పోగుచేసి, 2021లో "సైన్స్" అనే పత్రికలో ప్రచురించారు. ఒంటి పరిమాణాన్ని, కండను లెక్కలోకి తీసుకున్నాక తేలింది ఏమిటంటే, ఇరవై నుంచి అరవై దాకా ఆ ఖర్చు దాదాపు నిలకడగానే ఉంది. అరవై దాటాక ఏడాదికి సుమారు 0.7 శాతం చొప్పున తగ్గింది.

మరి కండ తగ్గడం వల్ల ఖర్చు తగ్గదా అంటే, తగ్గుతుంది, కానీ జిమ్‌లో చెప్పేంత కాదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కిలో కండ రోజుకు ఖర్చుపెట్టేది దాదాపు 13 కేలరీలు, కిలో కొవ్వు 4.5 కేలరీలు. మూడు కిలోల కండ పోతే రోజుకు 40 కేలరీలు, అంటే ఒక టీస్పూను శెనక్కాయ నూనె. కండ విలువ అసలు వేరేచోట ఉంది. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరను పెద్ద మొత్తంలో లోపలికి తీసుకునేది కండే. గాదె చిన్నదైతే పంట వాకిట్లోనే ఉండిపోయినట్టు, కండ తగ్గితే చక్కెర రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది.

ఈ అధ్యయనంతో అందరూ ఒప్పుకోలేదు. అది సగటు, ఒకే మనిషిని నలభై ఏళ్లు వెంటబడి కొలిచింది కాదు అన్నది ఒక అభ్యంతరం. న్యాయమైనదే. అయినా తప్పంతా మెటబాలిజం మీద తోసేయడం మాత్రం ఇక కుదరదని నాకనిపిస్తుంది. ఇరవై ఏళ్లప్పుడు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో సాయంత్రం దాకా క్రికెట్ ఆడినవాణ్ణి, ఇప్పుడు వీధి చివరి అంగడిలో పెరుగు ప్యాకెట్ తేవడానికి కూడా బండి తీస్తున్నాను. నిద్ర తగ్గింది, టెన్షన్ పెరిగింది, సాయంత్రం మిరపకాయ బజ్జీ మాత్రం మారలేదు.

కేలరీల తీసివేత ఎక్కడ దారి తప్పుతుంది

కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు అన్న లెక్క చాలాచోట్ల కనబడుతుంది. దాన్ని పట్టుకుని రోజుకు 100 కేలరీలు తగ్గించి చూద్దాం. ఏడాదికి 36,500 కేలరీలు, 7,700తో భాగిస్తే 4.7 కిలోలు. బాగుంది. పదేళ్లు ఇలాగే చేస్తే? 47 కిలోలు. అప్పటికి నా బరువు 25 కిలోలు. లెక్క సరే, మనిషి మిగలడు.

తప్పెక్కడంటే, ఒళ్లు తగ్గేకొద్దీ దాన్ని నడిపించే ఖర్చు కూడా తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, మనకు తెలియకుండానే కదలిక తగ్గుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన కెవిన్ హాల్, ఆయన సహచరులు ఈ మార్పులను కలిపి సవరించిన లెక్క ప్రకారం, రోజుకు 100 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి తగ్గే బరువు నాలుగున్నర కిలోలు. అందులో సగానికి ఏడాది పడుతుంది, దాదాపు మొత్తానికి మూడేళ్లు. రెండో ఏడాది బరువు కదలట్లేదని నిరాశపడి వదిలేసేవాళ్లు నిజానికి లెక్క ప్రకారమే నడుస్తున్నారు.

ఇక ఏ డైట్ గొప్పదన్న పోట్లాట. సాయంత్రం ఆరు తర్వాత తినకూడదని ఒకరు, అసలు అన్నమే వద్దని ఒకరు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మందితో ఏడాది నడిపి 2022లో ప్రచురించిన పరిశోధనలో ఒకేరకంగా కేలరీలు తగ్గించిన రెండు గుంపుల్లో, రోజులో ఎనిమిది గంటల వ్యవధిలోనే తిన్నవాళ్లకూ ఎప్పుడైనా తిన్నవాళ్లకూ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మా అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఒక్కపొద్దు ఉన్నందుకు రాత్రి నాలుగు దోసెలు తింటే కొవ్వుకు ఆ సంగతి తెలిసిపోతుంది.

సంగటి సంగతి

రాయలసీమలో ఎవరిని కదిలించినా "మా తాత సంగటి తిన్నాడు, తొంభై ఏళ్లు బతికినాడు" అంటారు. బియ్యం మాని రాగి పట్టుకుంటే బరువు తగ్గుతామన్న నమ్మకం బలంగా ఉంది. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 320 కేలరీలు, బియ్యంలో సుమారు 355. తేడా ఉంది కానీ కొద్దిపాటిదే, పైగా సంగటిలో బియ్యం కూడా వేస్తాం. అసలు తేడా పీచులో. రాగిలో 11 గ్రాముల దాకా ఉంటే తెల్లబియ్యంలో 3 గ్రాముల లోపే. కాల్షియం కూడా రాగిలో చాలా ఎక్కువ. కడుపు నిండినట్టు అనిపించి తక్కువ తింటే లాభమే. ముద్ద సైజు తగ్గకుండా, పక్కన నాటుకోడి పులుసు, దాని మీద తేలే నూనె అలాగే ఉంటే కాటాకు ఏ మార్పూ కనబడదు. తాత ఆ సంగటి తిని మడక పట్టాడన్న సంగతి మనం చెప్పుకోము.

మన కంచంలో నిజంగా తగ్గేది ప్రొటీన్. ఐసీఎంఆర్ సిఫార్సు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 70 కిలోల మనిషికి 58 గ్రాములు. ఒక మామూలు రోజు చూద్దాం: 200 గ్రాముల బియ్యంలో 16, 40 గ్రాముల కందిపప్పులో 9, పాలూ పెరుగూ కలిపి 300 మిల్లీలీటర్లలో 10, 30 గ్రాముల శెనక్కాయల్లో 7. మొత్తం 42. గుడ్డు తింటే 48. ఇది కనీసపు లెక్క, బరువు తగ్గుతూ కండ నిలుపుకోవాలంటే ఇంకా ఎక్కువ కావాలని చాలామంది నిపుణులు అంటారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ల లెక్క మాత్రం వేరు, అది డాక్టరు తేల్చాలి.

నడకతో బరువు తగ్గుతుందా?

70 కిలోల మనిషి 5 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 250 కేలరీలు. అటూ ఇటూ 50 గ్రాముల శెనక్కాయలు. మా ఊళ్లో నడక ముగించి గేటు దగ్గర నిలబడి కబుర్లాడుతూ వేయించిన కాయలు నమిలేస్తే ఆ గంట కష్టం అక్కడికక్కడే చెల్లు. వ్యాయామం ఒక్కదానితో తగ్గే బరువు కొద్దిగానే ఉంటుందని పరిశోధనలు కూడా చెబుతాయి.

రోజుకు పది వేల అడుగులు వేయాలన్న నియమం వెనక ఒక వ్యాపారం ఉంది. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరే "పది వేల అడుగుల మీటరు". పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసి 2019లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో 2,700 అడుగులవాళ్లతో పోలిస్తే 4,400 అడుగులవాళ్లలోనే మరణాలు తక్కువగా కనబడ్డాయి. 7,500 దగ్గర ఆ లాభం ఇక పెరగడం ఆగింది.

అయితే నడక దండగా? ఇక్కడే నాకు కళ్లు తెరిపించిన అధ్యయనం ఒకటుంది. షుగర్ అంచున ఉన్న 531 మందితో చెన్నైలో చేసి, 2006లో ప్రచురించారు. ఏమీ మార్చుకోని గుంపులో మూడేళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి మార్చుకున్న గుంపులో నూటికి 39 మందికే. చిత్రమేమిటంటే ఆ రెండో గుంపు సగటు బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు. కాటాను నమ్ముకుని ఉంటే వాళ్లంతా ఫెయిల్ అయినట్టే. ఇలాంటిదే అమెరికాలో చేసినప్పుడు (2002) అక్కడివాళ్లు అయిదు కిలోలకు పైగా తగ్గారు, షుగర్ ముప్పు 58 శాతం తగ్గింది. అందుకే బరువు తగ్గడం అక్కర్లేదని చెప్పలేం.

బరువున్నా ఫిట్‌గా ఉంటే చాలా అన్న వాదన ఇక్కడి నుంచే పుట్టింది. డల్లాస్‌లోని కూపర్ సంస్థలో స్టీవెన్ బ్లెయిర్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో, ఊపిరితిత్తులూ గుండే దిట్టంగా ఉన్న లావుపాటివాళ్లు, సన్నగా ఉండి దమ్ములేనివాళ్లకన్నా ఎక్కువకాలం బతికారు. అవతలివాళ్లు అనేది కూడా వినాలి: మోకాళ్లకు దమ్ముతో పనిలేదు. మోకాలి అరుగుదల ఉన్నవాళ్లలో కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచారు. గురక, నిద్రలో ఊపిరాడకపోవడం, ఫ్యాటీ లివర్ లాంటివాటికి కొవ్వు తగ్గడమే పెద్ద మందు. నా మట్టుకు నేను ఇద్దరిదీ నిజమే అంటాను, వాళ్లు జవాబిస్తున్న ప్రశ్నలే వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సిఫార్సులో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతోపాటు, వారంలో రెండు రోజులు కండకు బలమిచ్చే పని కూడా ఉంది. మొదటి సగం అందరికీ తెలుసు. రెండో సగాన్ని మన దగ్గర కుర్రాళ్ల వ్యవహారమని వదిలేస్తారు. గోడకు చేతులానించి దండీలు, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, బిందె ఎత్తడం కూడా దీనికిందికే వస్తాయి.

ఆడవాళ్ల దగ్గర లెక్క ఎందుకు మారుతుంది

మనదేశంలో ముట్లు ఆగిపోయే సగటు వయసు 46–47. ఆ ముందూ వెనకా కొన్నేళ్లు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గేకొద్దీ కొవ్వు తొడలు, తుంటి వదిలి పొట్టకు చేరుతుంది, కండ, ఎముక తగ్గుతాయి. బరువు పెద్దగా మారకపోయినా జాకెట్ నడుము దగ్గర బిగుసుకుంటుంది. మా ఆవిడ దాన్ని చాలాకాలం థైరాయిడ్ అనుకుంది. టెస్టు మామూలుగానే వచ్చింది. ఇంటిపనంతా చేస్తున్నాను కదా, ఇంకేం వ్యాయామం అని అడిగింది. ఇంటిపనికి కేలరీలు ఖర్చవుతాయి, అది నిజం. రోజూ ఎత్తే బరువు అదే అయితే మాత్రం కండకు కొత్తగా పెరగాల్సిన పని పడదు.

సూది మందులు: ఏం చేస్తాయి, ఆపితే ఏమవుతుంది

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే సూదులు మన దేశంలోకి వచ్చాయి. వెగోవీలో ఉండే మందు సెమాగ్లూటైడ్, దాని పేటెంట్ మన దగ్గర 2026 మార్చి వరకే. ధర దిగుతుందన్న మాటతోనే ఊరూరా ఆసక్తి పెరిగింది. తిన్నాక పేగుల్లోంచి వచ్చే జీఎల్‌పీ–1 అనే హార్మోనులా ఈ మందు పనిచేస్తుంది. కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది, ఆకలి తగ్గుతుంది.

సెమాగ్లూటైడ్ మీద చేసిన పెద్ద పరిశోధనలో 68 వారాలకు సగటున 15 శాతం బరువు తగ్గింది. 90 కిలోల మనిషి 76 కిలోల పైచిలుకుకు వస్తాడు. ఆపేసినవాళ్లను ఏడాది చూస్తే, పోయినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అంటే మళ్లీ 85 దాటుతాడు. పోయిన బరువులో పావు వంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కాకుండా కండ వగైరా ఉంటుందని వేర్వేరు అధ్యయనాల్లో కనబడింది. తిరిగొచ్చేది మాత్రం ఎక్కువగా కొవ్వే అయితే, నలభై అయిదేళ్ల మనిషికి అది నష్టమే అన్నది వద్దనేవాళ్ల మాట. బీపీకి జీవితాంతం మాత్ర వేసుకోవట్లేదా, స్థూలకాయం కూడా అలాంటి జబ్బే అన్నది సమర్థించేవాళ్ల మాట. షుగర్, గుండెజబ్బు ఉన్న భారీకాయులకు రెండో మాటే బలంగా కనబడుతుంది. డాక్టరు చీటీ లేకుండా, ఎవరో వాడారని, మేనకోడలి పెళ్లికి పది కిలోలు తగ్గాలని వాడేవాళ్ల విషయంలో నాకు మొదటి మాటే సరైనదనిపిస్తుంది.

దసరా నుంచి ఇప్పటికి ఎనిమిది నెలలు. ఎండలు ముదిరాక ఆరుగంటలకే గ్రౌండుకు పోతున్నాను, వారంలో రెండు రోజులు మేడ మీద ఇసుక నింపిన రెండు క్యాన్లు ఎత్తి దించుతున్నాను. బీపీ మాత్రలు కొనడానికి పోయి మొన్న అదే మెడికల్ షాపు కాటా ఎక్కాను. 71. "ఏమీ తగ్గలేదే సార్" అన్నాడు కౌంటర్లో కుర్రోడు. టైలర్ మాత్రం పొట్ట మీద టేపు చుట్టి, 37 పక్కన 35 అని రాసి, "ఈ ప్యాంట్లు లూజవుతాయి సార్, ఇప్పుడే పట్టల్లనా, ఇంకొన్నాళ్లు ఆగల్లనా?" అని అడిగాడు. ఆగమన్నాను.